పాకుతూ చూసిన ఇల్లు

దుర్గ ఆ పొద్దున ఇల్లంతా మోకాళ్ళ మీద తిరిగింది.

చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని వంటింటి గడప దగ్గర మొదలుపెట్టి, ముందుగది, వసారా, పెరటి మెట్టు దాకా పాకుతూనే వెళ్ళింది. నిలబడితే కనిపించనివన్నీ పసిపిల్ల ఎత్తు నుంచి కనిపిస్తున్నాయి. ఫ్రిజ్ వెనక వేలాడే వైరు. గ్యాస్ బండ నుంచి పొయ్యికి పోయే ట్యూబు, లాగితే చేతికొచ్చేంత కిందుగా. కిటికీ గూట్లో అత్తగారి బీపీ బిళ్ళలు, గులాబీ రంగువి, అచ్చం చాక్లెట్లలాగే. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, అది ఒక పిల్లని ఎట్లా చంపగలదో చివరిదాకా ఊహించుకుని, ఒళ్ళు జలదరించాక దాన్ని తీసి పైన పెట్టి, మళ్ళీ ముందుకు పాకింది. అట్లా ఊహించడం ఆమెకి కొత్త కాదు. తొమ్మిదేళ్ళుగా ఇంటి చాకిరీతో పాటు రోజూ చేస్తున్న పని అది. గేదె తాడు చూస్తే మెడ గుర్తొస్తుంది, నీళ్ళ తొట్టి చూస్తే ముక్కు గుర్తొస్తుంది. పక్కింటి పిల్లలు వేరుశెనక్కాయలు నములుతుంటే వాళ్ళు మింగేదాకా ఈమె గుటక వేయదు.

"ఏందే ఆ పాకటం?" వసారాలో మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న అత్తగారు వెంకటరావమ్మ అంది. "ఆ వచ్చే మేడం నిన్నే పసిపిల్లనుకోని ఎత్తుకుపోద్ది."

స్తంభానికి అద్దం తగిలించుకుని మీసం కత్తిరించుకుంటున్న మొగుడు యలమంద నవ్వాడు. "పోనీలేమ్మా, రెండో పెళ్ళిచూపులు మరి. పెళ్ళికూతురు హడావుడి పడదా?"

దుర్గ కూడా నవ్వింది. ఆ రోజు ఎవరేమన్నా నవ్వాలని ముందే అనుకుంది.

పదకొండింటికి దత్తత ఆఫీసు నుంచి మనిషి వస్తుంది. ఇల్లు చూస్తుంది, ముగ్గురినీ మాట్లాడిస్తుంది, రిపోర్టు రాస్తుంది. ఆ రిపోర్టు బాగుంటే బిడ్డ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో వీళ్ళ పేరు నిలుస్తుంది. బాగోకపోతే అంతే. దుర్గ చదివింది పదో తరగతి, అదీ లెక్కల్లో తప్పింది. పరీక్ష అంటే ఈ రోజుకీ అరచేతుల్లో చెమట పడుతుంది. కన్న ఒక్క పాపా పోయాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి గర్భసంచే తీసేశారు. ఆ తర్వాత మూడేళ్ళు బతిమాలితే గానీ యలమంద ప్రత్తిపాడు వెళ్ళి నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టలేదు. "నువ్వు కన్నప్పుడు ఏ గవర్నమెంటోడు వచ్చి ఇల్లు చూశాడే?" అని వెంకటరావమ్మ నెల రోజులు సాధించింది. నిజమే, ఎవరూ చూడలేదు. ఎవరన్నా వచ్చి చూసి ఉంటే బాగుండేదని దుర్గ లోపల అనుకుంది.

అసలు భయం ఇల్లు కాదు. అసలు భయం ఒక్క ప్రశ్న. మీకు పిల్లలు పుట్టారా, పుడితే ఏమయ్యారు?

నిన్న సాయంత్రం ముగ్గురూ కూర్చుని దానికి జవాబు తయారుచేశారు. యలమందే చెప్పాడు. "జొరమొచ్చి పోయిందని చెబుదాం. ముగ్గురం ఒకటే మాట. నువ్వు ఎక్కువ తక్కువ మాట్లాడమాక."

"ఊళ్ళో అడిగితే?" అంది దుర్గ.

"ఎవరడుగుతారే? ఎప్పుడూ లేనిపోని అనుమానాలు నీకు."

ఒప్పుకుంది. ఎందుకంటే ఊళ్ళో అందరికీ తెలిసిన మాట ఇంకోటి ఉంది, అది రిపోర్టులో పడితే ఆమెకి ఎవరూ బిడ్డనివ్వరు. తల్లే పురుగుమందు వంటింట్లో పెట్టి మర్చిపోయింది, పిల్ల తాగేసింది. అదీ ఊరికి తెలిసిన మాట. ఆడపడుచు కూతుర్ని ఉయ్యాల్లో వేసిన రోజు దుర్గ ఆశగా ఎత్తుకుంటే, ఆడపడుచు నవ్వుతూనే, "ఇటివ్వు వదినా, నీకెందుకు శ్రమ," అని చేతుల్లోంచి తీసుకుంది. ఆ తర్వాత చుట్టాల్లో ఎవరూ ఆమె ఒళ్ళో బిడ్డని పెట్టలేదు. పెట్టకపోవడం కూడా ఎంత మర్యాదగా చేస్తారంటే, చూసేవాళ్ళకి అదేదో ఆమె మీద జాలి అనిపిస్తుంది.

పాక్కుంటూ పాక్కుంటూ ఆఖరికి పిల్ల కోసం సర్దిన గదిలోకి వచ్చింది. నిరుడు దాకా అది మిరపకాయ బస్తాలు, టిక్కీలు, పేర్చే గది. టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీకి తోలించి, ఘాటు పోవడానికి గోడలు మూడుసార్లు కడిగి, రెండుసార్లు సున్నం వేసింది. అయినా మూల కూర్చుంటే తుమ్మొస్తుందేమోనని రోజూ పోయి కాసేపు కూర్చుని చూసుకునేది. గదిలో నవారు మంచం, దాని మీద కొత్త దుప్పటి. చెంప నేలకి ఆనించి మంచం కిందకి చూసింది. పాత సూట్‌కేసు. దాని వెనక, గోడ వారగా, నీడలో, ఒక కూల్‌డ్రింక్ సీసా.

సగం దాకా ఉంది. నారింజ రంగు. మూత కింద అట్ట కట్టి ఉంది.

చెయ్యి పెట్టక ముందే వాసన తెలిసింది. ఆ వాసన ఎన్ని వాసనల్లో కలిసినా ఆమె పసిగడుతుంది. కాసేపు అట్లాగే పడుకుని ఉండిపోయింది. నిలబడి చూసే మేడానికి అది కనపడదు. వంగి చూసినా సూట్‌కేసే కనపడుతుంది. ఇంట్లో ఒక్క పాకే పిల్లకి మాత్రమే అందే చోటు అది.

ఈ పల్లెల్లో పురుగుమందు కొనే పద్ధతే అది. లీటరు సీసా ఒకరికి ఎక్కువవుతుంది, అందుకని ఇద్దరు రైతులు కలిసి కొంటారు. చీటీ ఉన్న సీసా ఒకరికి పోతుంది, రెండో సగం ఏ ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలోనో పోసుకుని రెండోవాడు ఇంటికి తెచ్చుకుంటాడు. తొమ్మిదేళ్ళ కింద కూడా అంతే. పాప పోయిన పదకొండోరోజున యలమంద దీపం ముందు ఒట్టేశాడు, మందు ఏ రూపాన కూడా గేటు దాటి లోపలికి రాదని. పొలంలో రేకుల గది కట్టించాడు, తాళం వేయించాడు. ఆ ఒట్టు మీదే దుర్గ ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నిద్రపోయింది.

సీసా రెండు చేతుల్తో పట్టుకుని వసారాలోకి వచ్చింది. చూపించింది.

యలమంద అద్దంలోంచే చూశాడు. "నెమ్మదే. అరవమాక."

"ఎప్పటి నుంచి?"

"నిన్నటిదే. పక్క పొలం మాబు సాహెబూ నేనూ చెరి సగం తీసుకున్నాం. నల్లతామర పురుగు మిరప తోటంతా తినేస్తా ఉంది, రేపు పొద్దున్నే కొట్టాలి. రేకుల గదికి పోయే టైమేదీ? ఆ మేడానికి కనపడకూడదని లోపలికి నెట్టా."

"మేడానికా?"

"మరెవరికి? ఇప్పుడు ఇంట్లో పిల్లలెవరున్నారే?"

వెంకటరావమ్మ వెల్లుల్లి పొట్టు ఊదుతూ అంది. "మంచి రోజున ఏడుపు మొహం పెట్టమాక. తీసుకుపోయి పెరట్లో పెట్టు. మగోడు పొలం పన్లో సవాలక్ష మర్చిపోతాడు."

మగోడు మర్చిపోతాడు. అంతే, అక్కడితో అయిపోతుంది. దుర్గ సీసా తీసుకెళ్ళి పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టి, పైన ఇనప తొట్టి బోర్లించి, తొట్టి మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. చేతులు సబ్బుతో నాలుగుసార్లు కడుక్కుంది. ఈ రోజు కాదు, అనుకుంది. ఈ రోజు గడవనీ. ముందు బిడ్డ రానీ. బిడ్డ వచ్చాక తను కళ్ళు మూయదు, ఒట్టు ఎవరు తప్పినా తను ఇల్లంతా పాకుతూనే ఉంటుంది. అట్లా సర్దుకుంది. సర్దుకోవడం కూడా ఆ ఇంట్లో ఆమె వంతు పనే.

పదకొండున్నరకి స్కూటీ మీద వచ్చింది ఆఫీసమ్మాయి. పేరు మహిమ. ముప్పై దాటవు. హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుని, ఎండకి కాస్త ఆయాసపడుతూ, "ముందు మంచినీళ్ళివ్వండి, తర్వాతే ఆఫీసరు వేషం," అంది నవ్వుతూ. దుర్గకి ప్రాణం కొంచెం కుదుటపడింది. మహిమ ఇల్లంతా తిరిగింది. పొయ్యి ఎత్తు చూసింది, పెరటి తలుపు గడియ చూసింది, తొట్టి మీద పొత్రం చూసి ఏమీ అడగలేదు. పిల్ల గదిలో నిలబడి, "బాగుందండీ, గాలీ వెలుతురూ ఉంది," అని రాసుకుంది. దుర్గ ఆమె పాదాల వైపు చూస్తూ నిలబడింది. పాదాలకి జానెడు దూరంలో మంచం.

"ఇప్పుడు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానండి. ముందు సార్‌తో."

దుర్గ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వంటింటికీ ముందుగదికీ మధ్య గిన్నెలందించుకునే చిన్న కిటికీ ఉంది. రెక్కలు మూసే ఉన్నాయి, మాట మాత్రం వినపడుతుంది. వినకూడదనే అల్లం గట్టిగా దంచడం మొదలుపెట్టింది. ఎంత చదివారు, ఎన్నెకరాలు, తాగుతారా. యలమంద జవాబులన్నీ పద్ధతిగా చెబుతున్నాడు.

"దుర్గగారి మెడికల్ రిపోర్టులో ఒక కాన్పు అని ఉందండి. ఆ బిడ్డ..."

దుర్గ రోకలి ఆపింది. జ్వరం, అనుకుంది. జ్వరం అని చెప్పు.

"జొరమొచ్చి..." అన్నాడు యలమంద.

"ఏ ఆస్పత్రిలో చూపించారండి? ఊళ్ళో కూడా ఒకరిద్దర్ని కనుక్కుంటాం, మామూలేనండి, అందరి విషయంలోనూ చేసేదే."

కుర్చీ కిర్రుమంది. యలమంద గొంతు తగ్గించాడు.

"మీ దగ్గర దాచేదేముంది మేడం. జొరం కాదండి. మా ఆవిడ మనిషి మంచిదేగానండి, పరధ్యానం ఎక్కువ. పొలం మందు వంటింట్లో పెట్టుకుని మర్చిపోయింది. బిడ్డ తాగేసిందండి. నేనప్పుడు పొలంలో ఉన్నా, పత్తి తీయిస్తా ఉన్నా. కబురొస్తే పరిగెత్తుకుంటా వచ్చా..." నిజంగానే ఏడుస్తున్నాడు. "ఇప్పుడేం భయం లేదండి. వచ్చే పిల్ల మా అమ్మ చేతిలో పెరుగుద్ది. మా ఆవిడకి వదిలిపెట్టం."

టీ పొంగి పొయ్యి మీద పడింది. దుర్గ చూస్తూనే ఉంది.

నేనప్పుడు పొలంలో ఉన్నా.

ఆ రోజు కూలీలు రాలేదు. వర్షం పడేట్టుంది, తడిస్తే పత్తి రంగు మారుతుంది, నువ్వన్నా పోయి తియ్యి అని పొద్దున్నే పంపించింది అతనే. పాప వెంటబడితే, "నాన్న దగ్గరుండమ్మా, మజ్జాన్నానికొస్తా," అని దించేసి వెళ్ళింది. వంగి, నడుముకి కట్టుకున్న కొంగులో దూది కుక్కుకుంటూ, పగిలిన కాయల మొనలు వేళ్ళ చివర్లు గీసుకుపోతుంటే సాలు తర్వాత సాలు తీసింది. కబురొచ్చింది ఆమెకి. గట్ల మీద పరిగెత్తింది ఆమె. గుంటూరు ఆస్పత్రి వరండాలో పాపని ఒళ్ళో వేసుకున్నప్పుడు ఆమె తలలో ఇంకా దూది పింజలున్నాయి. నర్సు ఒక్కొక్కటీ ఏరి పారేస్తూ, "ఎక్కడ్నించి వచ్చావమ్మా," అంది.

సీసా తెచ్చింది అతను. ఫ్యాను కింద చల్లగా ఉంటుందని ముందుగదిలో పీట మీద పెట్టి, ఫోనొస్తే గేటు బయటికి వెళ్ళింది అతను. పోలీసు రాసుకోవడానికి వచ్చేముందు అదే వరండాలో ఆమె చేతులు పట్టుకున్నాడు. "నా పేరొస్తే లోపలేస్తారే. ఈ ఒక్కసారికి కాచుకో. జీవితాంతం నీ కాళ్ళకాడ పడుంటా." వెంకటరావమ్మ ఆమె నెత్తి నిమిరింది. "నువ్వు తల్లివి. తల్లినెవరూ ఏమనరు. పోయింది ఎట్టాగూ పోయింది, ఉన్నోడిని నిలబెట్టుకో." ఆ పూట ఆమెకి ఏది చెప్పమంటే అది చెప్పేది. నేనే పెట్టానండీ, మర్చిపోయానండీ, అంది. ఒక్కసారి చెప్పాల్సిన మాట. పోలీసు కాగితం మీద ఆరిపోవాల్సిన మాట. అది ఊరంతా తిరిగి, చుట్టాలిళ్ళన్నీ తిరిగి, పుట్టింటికి కూడా వెళ్ళి, ఆమె తల్లి నోటివెంట, "ఎట్టా మర్చిపోయావే?" అని తిరిగొచ్చింది. అప్పుడు కూడా ఊరుకుంది. ఎందుకంటే ఒక్క మనిషికి నిజం తెలుసు కదా, ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు కదా అనుకుంది. రాత్రీ పగలూ పక్కనున్న మనిషికి తెలిస్తే చాలనుకుంది. ఆ ఒక్క నమ్మకం మీదే తొమ్మిదేళ్ళూ వంటా వార్పూ, గేదె పాలూ, పొలం పనీ, మాటలు పడటమూ చేసుకొచ్చింది.

గోడ అవతల ఏడుస్తున్న గొంతులో ఎక్కడా అబద్ధం లేదు. అదే ఆమెని నిలువునా కోసేసింది. తప్పించుకోవడానికి చెప్పి ఉంటే ఇంకోరకంగా ఉండేది. అతనికి నిజంగానే అట్లాగే గుర్తుంది. ఆమె మోసిన నింద అతను ఎప్పుడో నమ్మేశాడు. ఆమె తీసిన పత్తి, ఆమె పరిగెత్తిన గట్లు, ఆ పరుగు కూడా తన పేరు మీద రాసేసుకున్నాడు. పొద్దున మంచం కింద సీసా అంత తేలిగ్గా ఎందుకు పెట్టగలిగాడో ఇప్పుడు తెలిసింది. తప్పు చేసింది తను కాదు కదా. జాగ్రత్త పడాల్సింది తను కాదు కదా.

దుర్గ పొయ్యి తుడిచింది. మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ టీ పెట్టింది. చుక్క ఒలకకుండా గ్లాసుల్లో వడపోసింది.

యలమంద కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆమె పక్కనుంచి పోతూ, గుసగుసగా, "అంతా బానే చెప్పాలే. నువ్వు తలూపితే చాలు," అన్నాడు.

మహిమ టీ తీసుకుంది. ఇందాకటి నవ్వు ఇప్పుడు లేదు. మెత్తగా ఉంది గానీ, జాగ్రత్తగా ఉంది. ఆ చూపు దుర్గకి బాగా తెలుసు. చేతుల్లోంచి బిడ్డని తీసుకునేముందు ఆడపడుచు చూసిన చూపు అది.

"దుర్గగారూ, కష్టమే, అయినా అడగాలి. పాప ఎట్లా పోయిందో మీ మాటల్లో చెప్పండి. మీరు బాధపడితే, మారితే, అది కూడా రాస్తాను. మీకు నష్టం జరగాలని కాదు."

ఎంత మంచి పిల్ల, అనుకుంది దుర్గ. తలూపితే చాలు. మర్చిపోయానమ్మా, ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉంటున్నానమ్మా అంటే చాలు. వరసలో పేరు నిలుస్తుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఈ గదిలో ఒక పిల్ల నేల మీద అరచేతులు తపతపమనిపిస్తూ పాకుతుంది. సూట్‌కేసు వెనక్కి.

"ఒక్క నిమిషం ఉండమ్మా."

పెరట్లోకి వెళ్ళింది. పొత్రం దించింది, తొట్టి లేపింది. సీసా తెచ్చి టీ గ్లాసుల మధ్య పెట్టింది. గదంతా వాసన కమ్ముకుంది. మహిమ చేతిలో గ్లాసు అక్కడే ఆగింది.

"దీన్ని ముట్టుకోకమ్మా. ఇది పొద్దున దొరికింది. మీరు బాగుందన్న గదిలో, మంచం కింద. నిలబడితే కనపడదు, పాకితే కనపడుద్ది."

"ఏయ్ దుర్గా!" వసారాలోంచి యలమంద గుమ్మంలోకి వచ్చాడు. "ఏందే నువ్వు చేసేది?"

"ఒసే, మతిపోయిందా నీకు? మేడం, అది పాప పోయిన కాడ్నించీ ఇట్టాగే మాట్లాడుద్దండి," వెనకనుంచి వెంకటరావమ్మ.

దుర్గ వెనక్కి తిరగలేదు. "పాపని తీసుకుపోయింది ఇట్లాంటి సీసానే. అది కూడా మాబు సాహెబుతో చెరి సగం పంచుకున్నదే. పీట మీద పెట్టింది నేను కాదు. ఆ రోజు పొలంలో పత్తి తీస్తున్నది నేను. పెట్టింది నేనేనని పోలీసులకి చెప్పింది కూడా నేనే. ఆ ఒక్క తప్పు నాది."

యలమంద కళ్ళు సీసా మీదే ఉన్నాయి. చాలా ఏళ్ళ కింద ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు ఎదురుపడ్డట్టు చూస్తున్నాడు.

మహిమ పెన్ను కాగితం మీద ఆనించి ఉంచింది. "దుర్గగారూ, ఇది రాస్తే రిపోర్టు ఎట్లా పోతుందో మీకు తెలుసు కదా? కావాలంటే ఇంకో రోజు వస్తాను. మీరూ మీరూ మాట్లాడుకుని..."

"తెలుసమ్మా. ఈ ఇంటికి బిడ్డనివ్వొద్దని రాయండి."

ఆ మాట ఎవరో తనతో అంటారని మూడు నెలలుగా భయపడింది. చివరికి తనే అనేసింది. ఎక్కడో పక్కవీధిలో మిషను కుడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

"వచ్చే బిడ్డ సంగతి తర్వాత. ముందు పోయిన బిడ్డ సంగతి సరిగ్గా రాయండి."

మహిమ అప్పటిదాకా రాసిన పేజీ తిప్పేసింది. కొత్త పేజీ అరచేత్తో చదును చేసుకుంది. మొదటి గీత మీద పెన్ను పెట్టి, "పాప పేరు చెప్పండి," అంది.

ఆ ఇంట్లో ఆ పేరు పలికి తొమ్మిదేళ్ళయింది. ఫోటో తీసేసిన రోజే వెంకటరావమ్మ చెప్పింది, తలుచుకుంటే ఇంటికి మంచిది కాదని. దుర్గ మనసులో కూడా 'పాప' అనే అనుకునేది. ఇప్పుడు నిటారుగా నిలబడింది. అన్నం వేళకి వీధిలో ఆడుకునే పిల్లని కేకేసినట్టు, గుమ్మం దాకా, గేటు దాకా, అవతలిళ్ళ దాకా వినపడేట్టు చెప్పింది.

"కోటేశ్వరి. మూడేళ్ళ ఏడు నెలలు."